ఒకే రక్తం, రెండు రిపోర్టులు

పాఠకుల ప్రశ్నలు – ల్యాబ్ నిపుణుల జవాబులు

ఈసారి వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రక్తపరీక్షల అంకెల మీదే ఉన్నాయి. కొన్నిటికి జవాబు పొడుగైంది. లెక్కలు చూపించకుండా చెబితే ఉపయోగం ఉండదని అలాగే ఉంచాం.

ప్రశ్న: మా అమ్మకు మూడు నెలల షుగర్ పరీక్ష ఒక ల్యాబ్‌లో 7.4 వచ్చింది. నమ్మకం కుదరక నాలుగు రోజులకు ఇంకోచోట చేయిస్తే 6.9. ఇంగ్లండ్‌లో ఉన్న మా తమ్ముడు తన రిపోర్టు ఫోన్‌లో పంపాడు. అదే పరీక్షకు అందులో 52 అని ఉంది. అది చూసినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. వీటిలో ఏది నిజం?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు అమ్మగారికి నిద్ర పట్టాలి. తమ్ముడి 52, అమ్మగారి 6.9 ఒకటే, కొలబద్దలు వేరు. బ్రిటన్‌లో 2011 నుంచి ఈ పరీక్షను, అంటే హెచ్‌బీఏ1సీని, శాతంలో కాక మిల్లీమోల్/మోల్‌లో రాస్తున్నారు. ఆ అంకెను 10.93తో భాగించి 2.15 కలపండి, మన శాతం వస్తుంది. 48 అంటే 6.5, 53 అంటే 7.0. ఈ రెండూ గుర్తుంటే కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

రెండు కొలబద్దలు ఎందుకొచ్చాయంటే, షుగర్ అదుపులో ఉంటే కళ్లు, కిడ్నీలు దెబ్బతినడం తగ్గుతుందని అమెరికాలో డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం 1993లో తేల్చింది. అందులో కొలిచింది ఒకే పద్ధతితో. బయటి ల్యాబ్‌ల్లో మాత్రం ఎవరి పద్ధతి వాళ్లది. డాక్టరు ‘7 లోపు ఉంచుకోండి’ అంటే అది ఎవరి 7? అందుకని 1996లో ఎన్‌జీఎస్‌పీ అనే కార్యక్రమం మొదలుపెట్టి, కిట్ల కంపెనీలు తమ అంకెలను డీసీసీటీ అంకెలతో సరిచూపించుకుని సర్టిఫికెట్ తీసుకునే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య ఐఎఫ్‌సీసీ ఇంకా లోతుకు పోయింది. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజ్ అతుక్కుంటే, ఆ అణువులను మాత్రమే లెక్కపెట్టే రిఫరెన్స్ పద్ధతి, అంటే మిగతావి సరిచూసుకునే మూల పద్ధతి, తయారుచేసింది. పాత పద్ధతి ఇతరత్రా పదార్థాలను కూడా కలిపి లెక్కపెడుతోందని అప్పుడు బయటపడింది. మనం 6.5 శాతం అంటున్నది ఈ లెక్కలో 4.8 శాతమే. రిపోర్టుల మీద ఉన్నట్టుండి 4.8 అని వేస్తే, షుగర్ తగ్గిపోయిందనుకుని జనం మాత్రలు మానేసే ప్రమాదం ఉంది. అందుకే యూనిట్ మార్చి 48 అన్నారు. మన దగ్గర శాతమే నడుస్తోంది. దానివల్ల నష్టమేమీ లేదు.

ఇక 7.4కీ 6.9కీ తేడా. అందరూ ఒకే మూలానికి కట్టుబడినా కొంత ఊగులాట మిగులుతుంది. అమెరికా పాథాలజిస్టుల కాలేజీ ల్యాబ్‌లకు పెట్టే నాణ్యత పరీక్షలో అసలు విలువకు 6 శాతం అటూ ఇటూ వచ్చినా పాసే. అమ్మగారి అసలు విలువ 7.1 అనుకోండి. 6.7 నుంచి 7.5 దాకా ఏది వచ్చినా ల్యాబ్‌ను తప్పుపట్టలేం. కాబట్టి ఇకనుంచి ఒకే ల్యాబ్‌లో, వీలైతే ఒకే మెషీన్ మీద, మూడు నెలలకోసారి చేయించండి. 0.5 లేదా అంతకంటే ఎక్కువ మారితే షుగర్ నిజంగా మారిందని చూడండి. 0.1, 0.2 కోసం మాత్రలు మార్చమని డాక్టరును అడగొద్దు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, దాన్ని ఏ ప్రమాణీకరణా సరిచేయలేదు. ఈ పరీక్ష ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రక్తం ఎక్కించుకున్నా, ఈమధ్య బాగా రక్తం పోయినా, కణాలు త్వరగా పగిలిపోతున్నా తక్కువ చూపిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక తల్లి లేదా తండ్రి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చినవారికి ఇప్పటి మెషీన్లలో చాలావరకు సరైన అంకెనే ఇస్తాయి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ అయితే గ్రాఫులో అదనపు శిఖరం కనబడి టెక్నీషియన్‌కే అనుమానం వస్తుంది. ఇద్దరి నుంచీ వచ్చినవారికి మాత్రం హెచ్‌బీఏ1సీ చేయించడమే దండగ. వాళ్లకు పరగడుపు షుగర్, తిన్నాక షుగర్, ఫ్రక్టోజమీన్ (రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కున్న చక్కెర) చూడాలి. అమ్మగారి రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ ఎంతుందో రాయలేదు. 10 కంటే తక్కువ ఉంటే ముందు దాని సంగతి చూడండి.

ప్రశ్న: మా బాపుకు గుండె వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నాడు. పట్నంలో చేసిన పీటీ (రక్తం గడ్డకట్టే సమయం) 30 సెకన్లు, ఐఎన్ఆర్ 2.6. వారంలోనే ఇక్కడ చేయిస్తే 22.8 సెకన్లు, అయినా ఐఎన్ఆర్ 2.6 అనే రాశారు. పాత రిపోర్టు చూసి అంకె ఎక్కించారేమోనని అనుమానం.
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: అనుమానం అక్కర్లేదు, ఐఎన్ఆర్ పుట్టిందే ఇందుకు. రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలవడానికి ప్లాస్మాలో థ్రాంబోప్లాస్టిన్ అనే రియేజెంట్ కలుపుతారు. అన్ని కంపెనీల రియేజెంట్లకూ ఒకే చురుకు ఉండదు. ఒకప్పుడు బ్రిటన్‌లో మనిషి మెదడు నుంచి, అమెరికాలో కుందేలు మెదడు నుంచి తీసినవి వాడేవారు. కుందేలుది అంత చురుకైనది కాదు. అందువల్ల ఒకే సెకన్లు రావాలంటే అమెరికా రోగులకు ఎక్కువ డోసు పడేది, రక్తస్రావాలూ ఎక్కువ అయ్యేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో దీనికి లెక్క పెట్టింది. ప్రతి రియేజెంటునూ అంతర్జాతీయ ప్రామాణిక రియేజెంటుతో పోల్చి ఐఎస్ఐ అనే అంకె ఇస్తారు (హెల్మెట్ల మీది ముద్రకూ దీనికీ సంబంధం లేదు). రోగి సమయాన్ని ఆరోగ్యవంతుల సగటు సమయంతో భాగించి, వచ్చిన నిష్పత్తికి ఐఎస్ఐని ఘాతంగా వేస్తే ఐఎన్ఆర్ వస్తుంది.

రెండుచోట్లా ఆరోగ్యవంతుల సగటు 12 సెకన్లు అనుకుందాం. పట్నంలో రియేజెంట్ ఐఎస్ఐ 1.05 అయితే 30ని 12తో భాగిస్తే 2.5, దానికి 1.05 ఘాతం వేస్తే 2.6. ఇక్కడి రియేజెంట్ ఐఎస్ఐ 1.5 అయితే 22.8ని 12తో భాగిస్తే 1.9, దానికి 1.5 ఘాతం, మళ్లీ 2.6. సెకన్లను ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ పోల్చకండి, ఐఎన్ఆర్‌నే పోల్చండి.

తప్పు జరిగే చోటు వేరే ఉంది. రియేజెంట్ లాట్ (బ్యాచ్) మారినప్పుడు పెట్టె మీది కొత్త ఐఎస్ఐని మెషీన్‌లో మార్చాలి. మర్చిపోయి పాత 1.05నే ఉంచితే పైన చెప్పిన 22.8 సెకన్లకు ఐఎన్ఆర్ 2.0 అని వస్తుంది. డాక్టరు అది చూసి డోసు పెంచుతారు, తర్వాత చిగుళ్ల నుంచి రక్తం. లాట్ మారినప్పుడల్లా కనీసం 20 మంది ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సగటు సమయం కొత్తగా తీయాలి. కిట్ కాగితం మీద అచ్చేసిన 12 సెకన్లు ఎత్తి రాసుకునే ల్యాబ్‌లు లేకపోలేదు.

మీవైపు నుంచి చూసుకోవాల్సింది ట్యూబు. లేత నీలం మూతది, అందులో 3.2 శాతం సోడియం సిట్రేట్ 0.3 మి.లీ. ముందే ఉంటుంది, రక్తం సరిగ్గా 2.7 మి.లీ. పడాలి. గీత దాకా రాకుండా 2 మి.లీ.తోనే ఆపితే సిట్రేట్ పాలు ఎక్కువై సమయం పొడుగొస్తుంది. సీతాకోకచిలుక సూదితో తీస్తే గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోయి నిండదు. అందుకే ఒక ట్యూబు పారేసి రెండోది నింపాలి. గీతకు తక్కువగా ఉంటే ‘మళ్లీ తీయండి’ అని అక్కడే అడగండి. ఈ శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి రక్తాన్ని గడ్డకట్టించే ఏడో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ చురుకై సమయం తప్పుగా తగ్గుతుంది.

ప్రశ్న: నేను పీహెచ్‌సీలో పనిచేస్తాను. ఒక రోగికి పరగడుపున మీటరుతో 118 వచ్చింది. అప్పుడే ప్లెయిన్ ట్యూబులో తీసి పంపిన రక్తం మూడు గంటలకు జిల్లా కేంద్రం ల్యాబ్‌కు చేరింది, రిపోర్టు 92. ఎండాకాలమని ఇంకొక శాంపిల్‌ను ఐస్ పెట్టెలో పంపితే పొటాషియం 6.1. ఆ రోగి చక్కగా నడిచి వెళ్లాడు.
– ఏటూరునాగారం ప్రాంతం నుంచి

జవాబు: ట్యూబులో పడ్డాక కూడా కణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. వేరుచేయని రక్తంలో గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ పోతుంది, మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. 118 ఉన్నది మూడు గంటల్లో 97 దాకా పడిపోవడం మామూలే. మిగతా తేడా మీటరుది. ఐఎస్ఓ 15197 నియమం ప్రకారం 100 దాటితే 15 శాతం అటూ ఇటూ చూపించినా మీటరు మంచిదే.

బూడిద రంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది, అందులో తీయండి. అయితే అది వెంటనే పనిచేస్తుందనుకోవద్దు. చక్కెర విరిగే దారిలో చివరి మెట్ల దగ్గరున్న ఎంజైమును ఆపుతుంది కాబట్టి మొదటి గంట, గంటన్నర తరుగు ఆగదు. అసలు మందు సెంట్రిఫ్యూజే. అరగంటలోపు ప్లాస్మా వేరుచేస్తే ఏ గొడవా లేదు.

పొటాషియం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. కణం లోపల పొటాషియాన్ని పట్టి ఉంచే పంపు చలికి ఆగిపోతుంది, అది బయటికి కారుతుంది. కణాలు పగిలి సీరం ఎర్రబడలేదు కాబట్టి ల్యాబ్‌వాళ్లకు కూడా అనుమానం రాదు. వేరుచేయని రక్తాన్ని ఐస్ మీద పెట్టకండి. పసుపు మూత జెల్ ట్యూబులో తీసి, నిలువుగా 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, రెండు గంటలలోపు తిప్పి, ఆ తర్వాతే ఐస్ పెట్టెలో పెట్టండి. తిప్పేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కటే చూస్తే సరిపోదు. ఇరుసు నుంచి ట్యూబు అడుగుకు 10 సెం.మీ. ఉన్న మెషీన్‌లో 3500 ఆర్‌పీఎం అంటే సుమారు 1370 జి (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం), పది నిమిషాలు చాలు. అదే మెషీన్‌లో 3000 పెడితే 1000 జి మాత్రమే, కొన్ని ట్యూబుల్లో జెల్ సరిగా పైకి రాకపోవచ్చు. ఒకసారి తిప్పిన జెల్ ట్యూబును మళ్లీ తిప్పొద్దు, జెల్ కింద మిగిలిన పొటాషియం పైకొస్తుంది.

ఇంకో అలవాటు మానిపించండి. ఊదా మూత ట్యూబులో రక్తం ఎక్కువైందని కొంచెం పసుపు మూతదాంట్లో పోస్తారు. ఊదాదాంట్లో ఉన్నది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం. పొటాషియం ఆకాశాన్ని అంటుతుంది, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పాతాళానికి పోతాయి.

ప్రశ్న: నాది చిన్న ల్యాబ్, సెమీ ఆటో అనలైజర్ ఉంది. కంట్రోల్ సీరం (మెషీన్‌ను సరిచూసే, విలువ ముందే తెలిసిన నమూనా) ఖరీదు, రోజూ వేయాలా? కంట్రోల్ బాగానే వస్తోంది, అయినా నా క్రియాటినిన్ పెద్ద ల్యాబ్‌ల కంటే 0.2 ఎక్కువ వస్తోంది.
– ఒక టెక్నీషియన్, నర్సంపేట

జవాబు: రోజూ వేయాలి, రెండు స్థాయిలూ వేయాలి. ఖర్చు తగ్గించే దారి ఉంది. పొడి కంట్రోల్‌ను కలిపి, చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 20లో గడ్డకట్టించి రోజుకొకటి వాడండి. కలిపేటప్పుడు 5 మి.లీ. అంటే 5 మి.లీ.యే, సిరంజితో కాదు, గాజు వాల్యుమెట్రిక్ పిపెట్‌తో. 4.8 పోస్తే అన్ని అంకెలూ 4 శాతం పైకి పోతాయి, మీరు మెషీన్‌ను అనుమానిస్తారు. కుదపకుండా మెల్లగా తిప్పి అరగంట చీకట్లో ఉంచండి. వెలుగు తగిలితే బిలిరుబిన్ పడిపోతుంది. 20 రోజుల అంకెలతో సగటు, ఎస్‌డీ (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) తీసి గ్రాఫ్ గీయండి. సగటు 1.20, ఎస్‌డీ 0.05 అనుకుంటే 1.05 – 1.35 దాటిన రోజు రిపోర్టులు ఆపాల్సిందే. వరసగా రెండుసార్లు ఒకే వైపు 1.30 దాటినా, 1.10 కంటే దిగినా ఆపాలి. లీవీ, జెన్నింగ్స్ 1950లో చూపిన గ్రాఫ్ ఇది. నియమాలు వెస్ట్‌గార్డ్ 1981లో కూర్చినవి.

అయితే కంట్రోల్ చెప్పేది ‘నిన్నటిలాగే ఉన్నావు’ అని మాత్రమే. నిన్నా తప్పే అయితే రోజూ ఒకే తప్పు వస్తుంది, గ్రాఫ్ మాత్రం తిన్నగానే ఉంటుంది. మీ 0.2 అలాంటిదే. కిరాణా కొట్టులోని తూకంరాయికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఎలాగో, కిట్‌తో వచ్చే కాలిబ్రేటర్‌కు పై మూలం అలాగ. క్రియాటినిన్‌కు ఆ మూలం ఐసోటోప్ డైల్యూషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ (ఐడీఎంఎస్) పద్ధతి, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన ఎస్‌ఆర్‌ఎం 967 అనే సీరం. ఏ పరీక్షకు ఏ పద్ధతి, ఏ పదార్థం మూలమో జేసీటీఎల్‌ఎం అనే సంయుక్త కమిటీ జాబితా పెడుతుంది. పారిస్ దగ్గరి తూనికలు కొలతల అంతర్జాతీయ బ్యూరో, ఐఎఫ్‌సీసీ, ల్యాబ్‌ల గుర్తింపు సంస్థల సమాఖ్య ఐలాక్ కలిసి 2002లో దాన్ని పెట్టాయి. మీ కిట్ కాగితం చదవండి. ‘ఐడీఎంఎస్ ట్రేసబుల్’ అని గానీ ‘ఎస్‌ఆర్‌ఎం 967’ అని గానీ లేకపోతే కిట్ మార్చండి. ఒక కంపెనీ కిట్‌కు ఇంకొక కంపెనీ కాలిబ్రేటర్ వాడుతుంటే అది ఈరోజే ఆపండి. కాలిబ్రేటర్‌గా మార్చి తయారుచేసిన సీరం అన్ని కిట్లలోనూ రోగి సీరంలా ప్రవర్తించదు. యాఫే పిక్రిక్ ఆమ్లం పద్ధతి 1886 నాటిది. ప్రోటీన్లను, కీటోన్లను, కొన్ని సెఫలోస్పోరిన్ మందులను కూడా క్రియాటినిన్‌గానే లెక్కపెడుతుంది. కొనగలిగితే ఎంజైమ్ కిట్‌కు మారండి.

0.2 అంటే తేలిగ్గా తీసుకోకండి. 60 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.2 అయితే 2021 నాటి సీకేడీ–ఈపీఐ సూత్రంతో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) 69, 1.4 అయితే 58. 60 గీత దాటించి మనిషిని కిడ్నీ రోగిని చేసింది ఆ 0.2యే. మీ ల్యాబ్‌ను బయటివాళ్లు కూడా చూడాలి. సీఎంసీ వెల్లూర్ నడిపే బయోకెమిస్ట్రీ ఈక్వాస్ (బయటి నాణ్యత పరీక్ష) కార్యక్రమంలో చేరితే వాళ్లు పంపే తెలియని శాంపిళ్లకు మీరిచ్చిన అంకె తోటి ల్యాబ్‌ల మధ్య ఎక్కడుందో తెలుస్తుంది. రక్తకణాల పరీక్షలకు ఢిల్లీ ఎయిమ్స్‌ది ఉంది.

ప్రశ్న: ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉంటే అన్ని పరీక్షలూ నమ్మొచ్చా?
– పరకాల

జవాబు: ముద్ర ల్యాబ్ మొత్తానికి కాదు, పరీక్షవారీగా ఇస్తారు. ఐఎస్ఓ 15189 ప్రకారం ఏయే పరీక్షలు తనిఖీ అయ్యాయో ఆ జాబితా ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరు కొడితే వస్తుంది. మీ పరీక్ష అందులో ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: డెంగీ అనుమానంతో పొద్దున చేస్తే ప్లేట్‌లెట్లు 38 వేలు. భయపడి సాయంత్రం ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే లక్షా 40 వేలు. జ్వరం కూడా లేదు.
– ములుగు

జవాబు: ఒక్క పూటలో లక్ష ప్లేట్‌లెట్లు పెరగవు, మొదటిది తప్పు లెక్క. కొందరి రక్తంలో ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషీన్ గుంపును తెల్లకణమనుకుని వదిలేస్తుంది. సూది సరిగా పడక మెల్లగా తీసినా, ట్యూబును 8–10 సార్లు తలకిందులు చేయకపోయినా ఇదే జరుగుతుంది. లక్ష కంటే తక్కువ వచ్చిన ప్రతిసారీ స్లైడ్ చూడాలి. ఆయిల్ ఇమ్మర్షన్ కింద పది చోట్ల లెక్కపెట్టి, సగటును 15 వేలతో హెచ్చిస్తే ఉజ్జాయింపు వస్తుంది. స్లైడ్ చివర్లలో గుంపులుంటే నీలం మూత సిట్రేట్ ట్యూబులో తీసి, మెషీన్ అంకెను 1.1తో హెచ్చించాలి. ‘స్లైడ్ చూశారా?’ అని అడిగితే ల్యాబ్‌వాళ్లు నొచ్చుకోరు, నొచ్చుకున్నా అడగండి.

ప్రశ్న: టీఎస్‌హెచ్ ఒకచోట 4.8, ఇంకోచోట 5.6. థైరాయిడ్ మాత్ర పెంచాలా? జుట్టు రాలుతోందని బయోటిన్ గుళికలు కూడా వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఈ రెండు అంకెల మీదే అయితే పెంచనక్కర్లేదు. ఆరోగ్యవంతుల్లో కూడా టీఎస్‌హెచ్ రోజుకూ రోజుకూ 20 శాతం దాకా ఊగుతుంది. రాత్రి ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. పైగా కొలెస్టరాల్, క్రియాటినిన్‌లాగా దీనికి ఒక్క రిఫరెన్స్ పద్ధతి లేదు. ఐఎఫ్‌సీసీ కమిటీ అన్ని కంపెనీల సగటుకు కట్టి దగ్గర చేసే పనిలో ఉంది. అందుకే ఏ ల్యాబ్ అంకెను ఆ ల్యాబ్ రిపోర్టులో ఉన్న పరిధితోనే చూడాలి.

బయోటిన్ సంగతి మీరు చివర్లో రాశారు గానీ అసలు చూడాల్సింది అదే. జుట్టు గుళికల్లో 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. చాలా మెషీన్లలో పరీక్ష బయోటిన్–స్ట్రెప్టావిడిన్ అనే, ఒకదానికొకటి గట్టిగా అతుక్కునే జోడీ మీదే నడుస్తుంది. రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 తప్పుగా ఎక్కువ వస్తాయి. అంటే మీ అసలు టీఎస్‌హెచ్ 5.6 కంటే ఎక్కువే ఉండొచ్చు. గుళికలు రెండు రోజులు పూర్తిగా ఆపి, మూడో రోజు పొద్దున్నే, థైరాయిడ్ మాత్ర వేసుకోకముందు, వెనకటి ల్యాబ్‌లోనే రక్తం ఇవ్వండి. గుళికల పేరు, డోసు ల్యాబ్ ఫారం మీద రాయించండి.